నూట ఎనభై ఏడో సమీక్ష

2021 జూన్ 14, సోమవారం. ఉదయం 7 గంటల 20 నిమిషాలు. ఆకాశం నిండా మబ్బులున్నా చుక్క వాన లేదు. కోడలి ఫోన్ ముప్ఫయ్యొక్క డిగ్రీలు చూపిస్తోంది. పద్నాలుగు నెలలుగా ప్రతి సోమవారం నేను చదువుతూ వచ్చిన వీడియో గేమ్‌ల విలేకరి రాసిన వీడ్కోలు ఆ ఫోన్‌లోనే కనిపించింది. ఈ పని మానేసి వేరే ఉద్యోగంలో చేరుతున్నారట. ఇప్పటివరకు 186 ఆటల మీద సమీక్షలు రాశానని ఆమె చెప్పారు. నా నోటుబుక్కులో 187 ఉన్నాయి.

నేను ఒక్క ఆటా ఆడలేదు. మేం వలస వచ్చిన ఉధ్నాలోని ఒక సాంచెల షెడ్డులో, మరమగ్గాల చప్పుడు మధ్య, 26 ఏళ్లు బట్ట చెకింగ్ చేశాను. నేసిన తాకాను, అంటే సుమారు నూరు మీటర్ల బట్టను, దీపమున్న బల్ల మీదుగా లాగుతూ తెగిన పోగులు, నూనె మరకలు లెక్కపెట్టి, తప్పున్న ప్రతిచోటా అంచుకు ఎర్ర దారం కట్టడం నా పని. రోజూ చూసిన తాకాలన్నిటినీ, నేసినవాళ్ల నంబర్లతో సహా, ఇంటికి వచ్చి సొంత నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి.

2020లో సాంచెలు ఆగి, వీధిలో ఆ చప్పుడు లేకుండా పోయిన రోజుల్లో, చీరల డిజైన్లు గీసే మా కోడలు ఇంట్లోనే పని చేస్తూ మధ్యమధ్య ఆటలు ఆడేది. ఏప్రిల్ 13న ఒక సమీక్ష చదివి వినిపించింది. ఆ ఆటను పొగడలేదు, తిట్టలేదు. ఆడినది 41 గంటలు, మొదటికి రావలసి వచ్చింది 6 సార్లు, బొమ్మ కదలకుండా ఆగిపోయిన చోట్లు 11 అని రాసి ఉంది. ఇది రాసినామె కూడా బల్ల దగ్గర నిలబడే మనిషే అనుకున్నాను. అయినా నమ్మలేదు. కోడలిని ఆ ఆట ఆడమని చెప్పి, పక్కన కూర్చుని, బొమ్మ ఆగిన చోటల్లా ఒక గీత గీశాను. తొమ్మిది రోజులకు పన్నెండు గీతలయ్యాయి. పన్నెండోది ఫోన్ వేడెక్కడం వల్ల వచ్చింది. చల్లారాక అదే చోట ఆట ఆగలేదు. పదకొండే నిజం. ఆ రోజు నుంచి ఆమె పాత సమీక్షలన్నీ వెతికి, కొత్తవి వచ్చినప్పుడల్లా కలిపి, వరుస సంఖ్యలతో ఎక్కించుకున్నాను.

అందుకే ఆ ఒక్క అంకె తేడా నన్ను కూర్చోనివ్వలేదు. నోటుబుక్కును ఫోన్‌తో పోల్చి చూస్తే 181వ సమీక్ష కనిపించలేదు. చూసిన తాకాను లెక్కలోంచి తీసేస్తే మా షెడ్డులో దానికి ఒకటే అర్థం: ఎవరో తప్పు దాచారు. చెకింగ్ మనిషి ఒక్కచోట దాచినట్టు తేలితే, అతను చూసిన ప్రతి తాకానూ మళ్లీ విప్పవలసిందే. నేను మిగిలిన 186నూ విప్పాలా?

పక్క గదిలో ఉండే నా తమ్ముడు, అదే షెడ్డులో నేత పని చేసినవాడు, చాయ్ గ్లాసుతో వచ్చి నవ్వాడు. "ఏందన్నా, ఆట ఆడరాదు గని ఫికర్ మాత్రం నీకే ఉన్నది."

181 ఏమైందని అడుగుతూ నేను చెబుతుంటే కోడలు ఆ విలేకరికి ఉత్తరం టైపు చేసింది. సగంలో ఆగి అంది: "మామా, గిది ఉత్తరమా, నోటీసా? కొత్త నౌకరీల చేరుతున్నది, ముందుగాల మంచిగుండుమని ఒక్క మాటన్న చెప్పుండ్రి."

"లెక్క తేలినంక చెప్త బిడ్డా."

జూన్ 16, బుధవారం మధ్యాహ్నం జవాబు వచ్చింది. "మీ లెక్కే సరైనది. రాసినవి 187. ఒకటి నేనే తీసేశాను. ఆ ఆట చేసిన సంస్థలోనే ఇప్పుడు చేరుతున్నాను. అది రాసేనాటికి వాళ్లు నన్ను పిలవలేదు. కానీ చదివేవారికి ఆ సంగతి తెలిసే దారి లేదు. ఎందుకు తీశానో వీడ్కోలులోనే చెప్పవలసింది. ఈ రోజే చేరుస్తాను."

ఆటలు బయటికి రాకముందే వాటిలో తప్పులు పట్టడం ఆమె కొత్త ఉద్యోగమని కూడా రాశారు. ఇన్నాళ్లూ కొనేవారి వైపు నిలబడ్డ మనిషి ఇక నేసేవారి వైపు నిలబడతారు. బల్ల మాత్రం అదే.

నేను సంతోషించవలసిన సమయమది. కానీ నాకు 1998 ఆగస్టు గుర్తుకొచ్చింది. సొంతవాళ్లు నేసిన బట్టను చెకింగ్ మనిషి చూడకూడదన్నది మా షెడ్డు నియమం. నేసినవాడి నంబరు తాకా మీద సుద్దతో రాసి ఉంటుంది. ఇంటివాళ్ల నంబరు కనబడితే రెండో మనిషి బల్లకు పంపాలి. ఆ నెలలో రెండో మనిషి పన్నెండు రోజులు ఊరికి వెళ్లాడు. మా తమ్ముడి తాకాలు 43 నేనే చూశాను, 43కీ తప్పు లేని ఫస్టు రకమని రాశాను, నా మొత్తంలో కలిపేసుకున్నాను.

పెట్టెలోంచి ఆ ఏటి నోటుబుక్కు తీసి, ఆ 43నూ నా లెక్కలోంచి కొట్టేయబోతున్నానని తమ్ముడికి చెప్పాను. ఈసారి వాడు నవ్వలేదు.

"ఒక్కటన్న వాపస్ వచ్చిందా?"

"రాలే."

"మరి ఖరాబున్నయా?"

"లేవనే రాసిన."

"మరేంది నీ లొల్లి? ఇరవై మూడేండ్లకు నా బట్టల తప్పు పడుతవా?"

"నీ బట్టల కాదురా. రాసింది నేను గద."

వాడు నోటుబుక్కును తన వైపు తిప్పుకున్నాడు. "సరే, కొట్టెయ్. నలభై మూడే కొట్టెయ్. ఒక్కటెక్కువ కొడితే ఊకోను" అని నా పక్కకు జరిగి, తన నంబరున్న వరుసలను వేలితో తనే చూపిస్తూ వచ్చాడు. నేను ఒక్కొక్కదాన్నీ కొట్టేశాను.

మర్నాడు ఆమెకు రెండో ఉత్తరం పంపించాను. అందులో అభినందన ఉంది, ఈ 43 సంగతి కూడా ఉంది.

చివరి లెక్క ఇది. ఆమె సమీక్షలు 186. నేను చూసిన తాకాలు 1,48,212 కావు; 1,48,169.