చలిగది గుమ్మం ముందు చెప్పులు

2023 జనవరి మొదటి ఆదివారం, మధ్యాహ్నం రెండుంబావుకి జరిగింది ఇది. దయ్యాలు చూశామని చెప్పేవాళ్ళంతా పనీపాటా లేనివాళ్ళని నా అభిప్రాయం. ఇప్పటికీ అదే. అందుకే ఇది రాయడం నాకే చిరాగ్గా ఉంది.

దుబాయ్‌లో ఒక మాల్ లోపల మంచు పరిచిన హాలుంది. బయట ఎడారి, లోపల మంచు. బలిసినవాళ్ళు డబ్బు కట్టి మరీ దానిమీద లావు టైర్ల సైకిళ్ళు తొక్కుతారు, పడతారు, నవ్వుకుంటారు. ఊళ్ళో మేం బురదలో తొక్కితే ఎవడూ ఫోటో తీయలేదు.

ఆ సైకిళ్ళను చూసుకోవడం నా పని. తొక్కాక మంచు దులిపి చలిగదిలోనే నిలబెట్టాలి. వెచ్చటి చోటికి తెస్తే మంచు కరిగి నీళ్ళు గొలుసులోకి, బ్రేకు తీగల్లోకి దిగుతాయి. మళ్ళీ మంచులోకి తీసుకుపోగానే గడ్డకట్టి బిగుసుకుపోతాయి. సైకిళ్ళు సుఖంగా ఉండాలని మనుషులు వణికే గది అది.

లోపలికి ఎవరెళ్ళారో రాయడానికి పుస్తకం పెట్టారు. రాసేవాళ్ళేరీ? నేనే యాభై దాటాక, మా కూలీలుండే కాంపులో అక్షరాలు దిద్దినవాణ్ణి. మా లెక్క చెప్పులది. చెప్పులు బయట విడిచి, బూట్లేసుకుని లోపలికి పోతాం. గుమ్మం ముందు చెప్పులుంటే లోపల మనిషి ఉన్నట్టు. లేకపోతే గడియ పెట్టొచ్చు. లోపలి నుంచి తెరిచే పిడి విరిగి వారమైంది. సూపర్‌వైజర్ బిజు రోజూ "కల్ కరేంగే" అని రేపటికి నెట్టేవాడు.

ఆ రోజు చెప్పులు లేవు. లోపలికి తొంగి కూడా చూడకుండా గడియ పెట్టి టీకి వెళ్ళాను. అరగంట తర్వాత, విరిగిన పిడి చూపిద్దామని బిజుని లాక్కొచ్చాను. నేపాల్ మనిషి బహదూర్ కూడా వచ్చాడు.

గుమ్మం ముందు ఒక జత చెప్పులున్నాయి. పాత తోలువి. ఎడమదాని పట్టీకి రాగితీగ చుట్టి ఉంది.

"యే కిస్కా హై?" అని, ఎవరివో అడుగుతూ బిజు వాటిని కాలితో పక్కకు నెట్టాడు.

గడియ నేను పెట్టినట్టే ఉంది. అయినా చెప్పులున్నాయంటే మనిషి ఉన్నట్టే. తీశాను.

సైకిళ్ళ వరుసల మధ్య మా జగిత్యాల రాజన్న పడి ఉన్నాడు. రెండు నిమిషాల పనే కదా అని జాకెట్ లేకుండా పోయాడట. పెదాలు నల్లబడ్డాయి. ఇంకాసేపైతే పోయేవాడే. బయటికి లాగి, మా ఒంటిమీది జాకెట్లన్నీ కప్పాం.

మాట రాగానే అడిగాను. "చెప్పులు బయట ఎందుకు ఇడ్వలేదురా, గాడ్దీ?"

"కొత్తయి మామా... ఎవడన్న ఎత్కపోతడని లోపటికి తీస్కపోయిన."

"చెప్పులు బతుకుతయి, నువ్వు సస్తవు!"

నిజమే, కొత్త చెప్పులు అతని చంకసంచిలో ఉన్నాయి. తిరిగి చూస్తే గుమ్మం ముందు పాత జత లేదు. మేం ముగ్గురం ఆ తలుపు దగ్గర్నుంచి కదల్లేదు.

మర్నాడు కెమెరా రికార్డు చూశాం. నేను గడియ పెట్టడం స్పష్టంగా ఉంది. తర్వాత ముగ్గురం వచ్చి ఆగుతాం. కిందికి చూస్తాం. బిజు కాలు వట్టి నేలను నెడుతుంది.

"రాజన్న తండ్రే వచ్చిండు" అని కాంపులో ఒకడు తేల్చేశాడు. ఆ తండ్రి జగిత్యాలలో శుభ్రంగా బతికే ఉన్నాడు, పూటపూటా కల్లు తాగుతున్నాడు. చలికి మాకు కళ్ళు తిరిగాయన్నాడు ఇంకో తెలివైనవాడు. చలిలో ఉన్నది రాజన్న. మేం టీ తాగి వచ్చాం.

నాకు తెలియదు. తెలిసినట్టు మాట్లాడేవాడి మొహం కూడా చూడను.

ఆ రోజు అక్కడున్నది: గడియ పెట్టిన నేను, గంగారాం. సూపర్‌వైజర్ బిజు. బహదూర్. లోపల రాజన్న. అంతే, నలుగురం.