లత తెరమీద నేను మాయం చేసిన తప్పు

ఏళ్లుగా దీన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. తిన్నది అరగనివ్వని బరువు ఇది. మీ జాలి కోసం చెప్పడం లేదు, నన్ను ఓదార్చొద్దు. ఇప్పటికీ లత అంటే నాకు పడదు. అది కూడా ముందే చెప్పేస్తే ఒక అబద్ధం తగ్గుతుంది.

కామారెడ్డిలో మాది చిన్న ఆఫీసు. రైసు మిల్లుల్లో వడ్ల తూకానికి సాఫ్ట్‌వేర్ చేస్తాం. కోడు నాది. దాన్ని పరీక్షించే పని లతది. ఎల్లారెడ్డి నుంచి రోజూ బస్సులో వచ్చేది. తన కంప్యూటర్ లోపలే వర్చువల్ మిషన్ అని ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ నడిపేది. దాన్ని ఎంత పాడుచేసినా అసలుదానికి ఏమీ కాదు. ముందే స్నాప్‌షాట్ తీసి పెట్టుకుంటే మళ్లీ పాత స్థితికి తెచ్చుకోవచ్చు. నా పనిని అందులో వేసి చీల్చి చెండాడటం ఆమెకు సరదా. నా కోడు మళ్లీ ఆగిపోయిందని ఆఫీసంతా వినేటట్టు చెప్పి నవ్వేది. ఆ నవ్వుకు నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

ఒకరోజు నవ్వలేదు. తూకం మధ్యలో ఆ ఉత్తుత్తి మిషన్‌కు కరెంటు తీసేస్తే, తిరిగి తెరిచాక ఒక రైతు బరువు ఇంకో రైతు పేరు మీద పడుతోందని చూపించింది. మా ఆఫీసులో కరెంటు పోయినా బ్యాటరీ కాస్తుంది, ఈ తప్పు నాకెన్నడూ కనబడలేదు. ఆమె తండ్రి వడ్లు తెచ్చి మిల్లు దగ్గర కరెంటు కోసం కాచుకునే మనిషి, అందుకే ఆమెకు తట్టింది. ఆఫీసు నడిపే మా సార్‌కు ఈ సంగతి నన్నే చెప్పమంది. శుక్రవారం లోపల చెప్పకపోతే తానే చెప్తానంది. అది బెదిరింపా, మర్యాదా? అప్పుడు బెదిరింపే అనుకున్నాను. ఇప్పుడు మర్యాదేనని తెలిసినా కోపం మాత్రం పోలేదు. ఎందుకు పోదు?

సార్‌కు చెప్పకుండా గుట్టుగా కోడు సరిచేశాను. శుక్రవారాలు మా సార్ కంప్యూటర్లకు పసుపు కుంకుమ పెట్టిస్తాడు. మిషన్లు నడుస్తుండగానే పూజ జరగాలని ఆయన పట్టు, తెరలకు తాళం వేయనివ్వడు. ఆ శుక్రవారం అందరూ కొబ్బరికాయ కొట్టడానికి వాకిట్లోకి పోయినప్పుడు, అగరొత్తులు తిప్పే నెపంతో నేను లోపలే ఉండిపోయాను. పాత కోడు దాగి ఉన్న లత స్నాప్‌షాట్లన్నీ చెరిపేశాను. సరిచేసిన కోడును ఆమె మిషన్‌లో పెట్టాను. అది ఇంకా ఏ మిల్లుకూ పోలేదు, పాత కోడు నా దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. చేతులు వణికాయని రాస్తే మీకు నచ్చుతుందేమో. వణకలేదు.

ఆ మధ్యాహ్నం సార్ ముందు, పిట్లం నుంచి వచ్చిన మిల్లు ఓనరు ముందు లత మళ్లీ మళ్లీ కరెంటు తీసి చూపించింది. తూకం ఒక్కసారీ తప్పలేదు. పెద్దవాళ్ల మీద చాడీలు చెప్పే పిల్ల మాకొద్దని సార్ ఆమె తండ్రికి ఫోన్ చేశాడు. ఇంట్లో అందరూ ఉద్యోగం వద్దంటున్నా తండ్రి ఒక్కడే ఆమెను నమ్మి పంపాడట.

మర్నాడు ఆ తండ్రి లతను వెంటబెట్టుకుని వచ్చాడు. సార్‌ను కాదు, నన్ను అడిగాడు.

"మా బిడ్డ అబద్ధమాడిందా, సార్?"

"ఏమో కాక, మిషన్ల ఐతే ఏం కనవడలే."

"గీ పిల్ల మాట నమ్మి పంపిన. మాఫ్ చెయ్యి, సార్."

నాకు చేతులు జోడించాడు. లత ఏడవలేదు. నావైపే చూసింది. అంతా తెలిసినట్టే చూసింది.

మళ్లీ ఆమెను ఏ ఆఫీసుకూ పంపలేదని విన్నాను. మా సాఫ్ట్‌వేర్ నిజాంసాగర్ దాకా పోయింది, పేరు నాకొచ్చింది. తూకం సరిగ్గానే పడుతోంది, ఏ రైతూ మునగలేదు కదా అని ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. నిజమే, రైతులు మునగలేదు. మునిగింది ఆమె ఒక్కతే. ఎల్లారెడ్డి బస్సెక్కి ఆ తండ్రికి ఈ మాట చెప్పొచ్చు. ఆయన ఇంకా ఉన్నాడు. ధైర్యం లేనిది నాకే.

ఇక్కడైతే చెబుతున్నాను. ఆమె అబద్ధం ఆడలేదు. తప్పు ఉండింది, అది నాదే. చెరిపింది నేనే. ఈ మాత్రం రాసేసరికి ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. ఆ సుఖం కూడా నాకే దక్కింది, ఆమెకు కాదు.