ఏకాహంలో ఉయ్యాలో

ఆ రోజుల్లో పాడాలంటే గొంతు బాగుండాలన్న నియమం ఎవరికీ ఉండేది కాదు. పొద్దంతా బొగ్గు తవ్వి వచ్చినవాడు సాయంత్రం స్నానం చేసి, నుదుట ఇంత విభూతి రాసుకుని భజన కొట్టంలో కూర్చుంటే చాలు, అతను గాయకుడే. గొంతు బొంగురుపోయినవాళ్లూ, పళ్లూడినవాళ్లూ, సగం పాట మరిచిపోయేవాళ్లూ అందరూ ఒక్కసారి ఎత్తుకుంటే ఎవరి తప్పు ఎవరిదో దేవుడికి కూడా తెలిసేది కాదు. అంత ఉదారమైన కాలంలో, బెల్లంపల్లి గని కార్మికుల ఇళ్ల లైన్లలో, నోరు తెరవొద్దని ఆంక్ష ఉన్న ఒకే ఒక్క మనిషిని నేను.

తెలంగాణను ఆంధ్రతో కలిపిన కొత్తలవి. లక్సెట్టిపేటలో మెట్రిక్ గట్టెక్కి (ఎన్ని దండయాత్రలకో అడక్కండి), కలప డిపోలో చిన్న కొలువు దొరికితే బెల్లంపల్లి వచ్చి మా మేనమామ ఇంట్లో దిగాను. మామ పని గనిలో, ప్రాణం హార్మోనియంలో. ఒక మరాఠీ నాటకాల జట్టు వదిలించుకున్న పాత పెట్టెను ఆదిలాబాదు నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాడట. దానికి ఒక మెట్టు పలికేది కాదు. పాటలో ఆ స్వరం వచ్చినచోటల్లా మామ దగ్గేవాడు. ఆ దగ్గు కూడా రాగంలో భాగమేనని లైన్లలో చాలామంది నమ్మకం. నేను వచ్చిన వారంలోనే భజనలో గొంతు కలిపాను. మామ ఉలిక్కిపడి వాయించడం ఆపి, పెట్టె వెనక్కి తిప్పి ఎలుక ఏమైనా దూరిందా అని చూశాడు. ఎలుక లేదు. మెల్లగా తలెత్తి నా వైపు చూశాడు.

"అల్లుడా, నీ గొంతు మంచిగనే ఉన్నది. గాని అది నీకాడనే ఉండనియ్యి. నువ్వు తాళాలు కొట్టు" అన్నాడు, ఎంతో ప్రేమగా.

అలా నేను తాళాలవాణ్ణయ్యాను. పెదాలు కదిలించడానికి మాత్రం అనుమతి ఉండేది.

ఆ ఏడు మా వాళ్లు ఏకాహం పెట్టారు. ఈ సాయంత్రం దీపం ముట్టించి పాట ఎత్తుకుంటే, మళ్లీ రేపు సాయంత్రం దాకా దీపం కొండెక్కకూడదు, పాట తెగకూడదు. మనుషులు మారవచ్చు గానీ పాట ఆగితే మొత్తం చెడినట్టే. కిందటేడు తెల్లవారుజామున పాడేవాళ్లంతా ఒకరినొకరు నమ్ముకుని హాయిగా నిద్రపోయారు. ఆ మాట బజారుకెక్కి, కూరగాయల దగ్గర కూడా "ఏమే, మీ ఏకాహం లేచిందా?" అని అత్తను అడిగేవాళ్లు. మామ ఆ అవమానం మింగలేక, అందరి ముందు దేవుడి మీద ఒట్టేశాడు. "గీసారి పాట తెగితే గీ పెట్టె మల్ల ముట్ట." హార్మోనియం లేని మామను ఊహించుకుంటే నాకు భయమేసింది. గని నుంచి నల్లగా, అలిసి వచ్చిన మనిషి ఆ పెట్టె ముందు కూర్చున్నాకే మాకు తెలిసిన మామ అయ్యేవాడు.

ఏకాహం ఆదివారం సాయంత్రం మొదలైంది. ఎవరు ఏ పూట పాడాలో మామ ముందే పంచాడు. పగలు గనిలోకి దిగేవాళ్లు రాత్రి పాడాలి, మధ్యాహ్నం దిగేవాళ్లు మర్నాడు పొద్దున అందుకోవాలి. రాత్రి పాట బ్రహ్మాండంగా సాగింది. తెల్లవారాక వాళ్లు లేచి పడుకోవడానికి వెళ్లారు. అందుకోవాల్సినవాళ్లు మాత్రం రాలేదు. పొద్దెక్కేసరికి కొట్టంలో మిగిలింది మామ, నేను, డోలకు వాయించే తాత. మామ ఒక్కడే పాడి పాడి గొంతు పోగొట్టుకుని, పెట్టె వాయిస్తూనే పాటకూ పాటకూ నడుమ నా చెవిలో గుసగుసలాడాడు.

"అల్లుడా, గియ్యాల సోమారం. షిఫ్టులు మారినయి. పొద్దుగాల పాడెటోళ్లంత గనిల దిగిండ్రు."

సోమవారం షిఫ్టు మారుతుందని లైన్లలో పసిపిల్లలకు కూడా తెలుసు. గనిలోనే తల నెరిసిన మామ, పాట ధ్యాసలో ఆ ఒక్క సంగతే మరిచాడు. "రాత్రి పాడినోళ్లనే లేపుకొస్త. అందాక నువ్వు పాడు" అన్నాడు. నేనా అన్నట్టు చూశాను. "నువ్వే. ఎట్లన్న పాడు, ఆపకు" అని, తువ్వాలు భుజాన వేసుకుని దాదాపు పరిగెత్తాడు.

నాకు పూర్తిగా వచ్చిన భజనలు నాలుగే. కళ్లు మూసుకుని మొదలుపెట్టాను. డోలకు తాత ఒకసారి నా వైపు జాలిగా చూసి, వాయిస్తూనే నిద్రలోకి జారుకున్నాడు (చేతులు మాత్రం మేలుకునే ఉన్నాయి, ఆయనది అంత గొప్ప సాధన). నాలుగు పాటలూ అయ్యాయి. మళ్లీ పాడాను. అటు నుంచి ఇటు కూడా పాడాను. మామ జాడ లేదు. చివరికి ఒక్క ముక్క గుర్తురాక, నోరు ఆగబోతుంటే, చిన్నప్పుడు అవ్వ కొంగు పట్టుకుని తిరిగినప్పటి బతుకమ్మ వరస దానంతటదే బయటికొచ్చింది.

"పొద్దు నెత్తికొచ్చె ఉయ్యాలో..."

అది ఆడవాళ్ల పాట. పండుగకింకా నెలలున్నాయి. పైగా భజన కొట్టంలో మగాడు పాడటం! సిగ్గుతో చచ్చిపోతున్నా ఆపడానికి లేదు. "మామ రాకపాయె ఉయ్యాలో" అన్నాను. అప్పుడు చూరు కింద నుంచి ఒక గొంతు తిరిగి పలికింది. "మామ రాకపాయె ఉయ్యాలో."

అత్త. రొట్టెల గంప నెత్తిన పెట్టుకుని, మరో నలుగురు ఆడవాళ్లతో బయట నిలబడి ఉంది. ఆడవాళ్లు భజనలో కూర్చునే ఆనవాయితీ అప్పుడు మా దగ్గర లేదు. కానీ ఉయ్యాలో అని వినబడ్డాక మా వైపు ఆడమనిషి నోరు ఊరికే ఉండదు. మిగతావాళ్లూ అందుకున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. పాట ఆపకుండా మాట్లాడే వీల్లేదు కనుక కష్టాలన్నీ పాటలోనే చెప్పుకున్నాను.

"దీపంల నూనె లేదు ఉయ్యాలో, ఎవలన్న పొయ్యుండ్రి ఉయ్యాలో."

ఒకావిడ లోపలికొచ్చి నూనె పోసింది. "గొంతెండి పాయెనే ఉయ్యాలో" అంటే ఇంకొకావిడ చెంబు అందించింది. నేను నీళ్లు తాగుతుండగా పాట తెగకుండా అత్త ఎత్తుకుంది, మిగతావాళ్లతో లోపలికొచ్చి చాప మీద కూర్చుంది. ఆమె గొంతు ఆ రేకుల కొట్టంలో నిండిపోతుంటే నా చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. భజన మర్యాద చెడకుండా ఆమె రాముణ్ణి తెచ్చింది, సీతమ్మను తెచ్చింది, వాళ్లను అడవికి కూడా పంపింది. డోలకు తాత కళ్లు తెరిచి, కొట్టం నిండా ఆడవాళ్లను చూసి, "గిప్పుడు ఏం పండుగ?" అని నన్నడిగాడు.

నిద్ర కళ్లవాళ్లను ముగ్గురిని వెంటబెట్టుకుని మామ వచ్చాడు. పాట తెగిపోయే ఉంటుందని అనుకున్నాడేమో, మొహం వాడిపోయి ఉంది. గుమ్మంలో ఆగి చాలాసేపు విన్నాడు. వెంట వచ్చినవాళ్లలో ఒకడు, "భజనల బతుకమ్మ పాటేందే?" అని సణిగాడు.

"పాట తెగిందా?" అన్నాడు మామ.

"తెగలే" అన్నాడు వాడు.

"ఇగ ఫికర్ ఏంది నీకు? కూసో."

మామ పెట్టె ముందు కూర్చుని స్వరం కోసం వెతికాడు. దొరకలేదు. అత్త ఆయన వైపు చూడకుండానే, "పెట్టె వాయించెటాయన ఉయ్యాలో, జర కిందికి రావాలె ఉయ్యాలో" అని పాడింది. మామ బుద్ధిగా రెండు మెట్లు కిందికి వచ్చాడు. గనిలో వాళ్లు పైకొచ్చి మాతో కలిసేదాకా, ఆపైన దీపాలవేళ దాకా, అందరం కలిసే పాడాం.

ఇంటికి నడుస్తుంటే మామ అత్తతో, "ఇంత గొంతు ఇంట్ల వెట్టుకొని ఎన్నడు పాడకపోతివేందే?" అన్నాడు.

"నువ్వు ఎన్నడన్న పాడుమన్నవా?" అంది అత్త.

"అనలే" అన్నాడు మామ. అని, ఆమె నెత్తి మీద గంప తీసి తన నెత్తిన పెట్టుకున్నాడు. ఆ తరవాత భజనలో ఆడవాళ్ల చాప ఎవరూ తీయలేదు.

వాళ్లిద్దరూ పోయి చాలా ఏళ్లయింది. ఏకాహాన్ని నేనే కాపాడానని కొన్నాళ్లు ఛాతీ విరుచుకు తిరిగిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, వాడి మీద ముద్దూ వస్తుంది. గొంతు అప్పటికంటే ఇంకా చెడింది. అయినా పొద్దున స్నానం చేస్తూ పాడతాను. ఊపిరి చాలక మధ్యలో ఆగితే, వంటింట్లోంచి మా ఆవిడ కంగారుగా, "ఆగినవేంది?" అంటుంది. పాట మీద ఇష్టం కాదు, నేను పడిపోయానేమోనని ఆమె భయం. అందుకని ఊపిరి చిక్కబట్టుకుని మళ్లీ ఎత్తుకుంటాను. ఆవిడ గిన్నెల చప్పుడు మళ్లీ మొదలవుతుంది.