భీమడోలులో నా సొంత కుట్టు లాల్చీ

ఒక లాల్చీ పెళ్ళి సంబంధాన్ని చెడగొట్టగలదా అని మీకు అనుమానం ఉంటే నన్నడగండి. చెడగొట్టడానికి దానికి పూర్తిగా గంటన్నర అవకాశం ఇచ్చినవాణ్ణి నేను. దాన్ని కుట్టింది నేనే, తొడుక్కున్నదీ నేనే.

అప్పటికి నాకు పెళ్ళయి రెండేళ్ళు. ఏలూరు పక్కన వట్లూరులో ఒక పాలిటెక్నిక్‌లో ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెప్పేవాణ్ణి. గీత గీయడం వచ్చినవాడికి లోకంలో రానిదంటూ ఉండదని నా గట్టి నమ్మకం. మా మామగారికి తాడేపల్లిగూడెంలో బట్టల కొట్టు ఉంది. ఒకరోజు ఆ కొట్లో ఒక లాల్చీకి తొమ్మిది వందల చీటీ కనిపించింది. అందులో మూడు వందల గుడ్డ కూడా లేదనీ, మిగతాదంతా కుట్టు పేరు చెప్పి లాగుతున్నారనీ ఆయన ఎదుటే ఉపన్యాసం ఇచ్చాను. బేరానికి కూర్చున్న ఇద్దరు లేచి వెళ్ళిపోయారు.

మామగారు నెమ్మదస్తులు. "అయితే మీరే ఒకటి కుట్టుకుని చూడండి అల్లుడుగారూ" అన్నారు. గుడ్డ ఊరికే ఇస్తామన్నారు గానీ, పోలిక సరిగ్గా తేలాలని డబ్బిచ్చి మరీ రెండున్నర మీటర్లు తెచ్చుకున్నాను.

ఇక్కడ నా నోటి సంగతి కూడా ఒప్పుకోవాలి. మా బావమరిది శ్రీనుకి అంతకుముందు వచ్చిన సంబంధం నా వల్లే పోయింది. పెళ్ళికూతురి తండ్రికి వాళ్ళింటి మెట్లు ఎక్కడెక్కడ తప్పుగా కట్టారో చేతులు తిప్పుతూ అరగంట వివరించాను. మర్నాడే వద్దని కబురొచ్చింది. పాపం, శ్రీను నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అందుకని భీమడోలు సంబంధం చూడబోయే ముందు మా అత్తగారు నా భార్య సుభద్ర చేత ఒకే ఒక్క కోరిక చెప్పించారు. నేను వినయంగా కూర్చుంటే చాలట. సరే, కూర్చుంటాను, కానీ నేను కుట్టిన లాల్చీలోనే కూర్చుంటానన్నాను.

పాత కుట్టుమిషన్ కొన్నాను. కత్తెర కొన్నాను. ముందు పాత దుప్పటి మీద కత్తిరించి చూడమంది సుభద్ర. డ్రాయింగ్ మాష్టారితో అనదగ్గ మాటేనా అది, మీరే చెప్పండి. ఛార్టు మీద ఛాతీ, భుజం, చెయ్యి వెంట్రుకవాసి తేడా లేకుండా గీసి, సరిగ్గా ఆ గీతల మీదే కత్తిరించాను. కుట్లలోకి పోయే గుడ్డ అని ఒకటుంటుందనీ, దానికి విడిగా చోటు వదలాలనీ నాకు తట్టలేదు. పైగా గట్టిగా ఉండాలని ప్రతి కుట్టూ రెండేసి సార్లు వేశాను. మధ్యలో సూది నా బొటనవేలిని కూడా లాల్చీతో కలిపి కుట్టబోయింది.

బయల్దేరే రోజు పొద్దున్న తొడుక్కోబోతే నుదురు దూరింది, చెవుల దగ్గర ఆగిపోయింది. సుభద్ర మంచమెక్కి కిందికి లాగింది. గోనెసంచిలోకి తవుడు కూరినట్టు నన్ను అందులోకి కూరాక అసలు సంగతి తెలిసింది. ముందు భాగం ఇరుకై భుజాలు రెండింటినీ లోపలికి లాగేసింది. చేతులు వాటంతటవే గుండెల ముందుకొచ్చి కలుసుకున్నాయి. విడదీస్తే కుట్లు కిర్రుమంటున్నాయి. విప్పుదామంటే తల వెనక్కి రాదు. రైలుకి ఇరవై నిమిషాలే ఉంది.

"కత్తెరతో కోసేస్తానండీ, ఇంకోటి వేసుకోండి" అంది సుభద్ర.

"కొత్త గుడ్డ కదా, వేసుకోగా వేసుకోగా సాగుతుంది" అన్నాను.

ఏలూరు స్టేషన్లో ఎదురైనవాళ్ళందరూ నాకు తిరిగి నమస్కారాలు పెట్టారు. రైల్లో టీసీ కూడా పెట్టాడు. టికెట్ అడగడానికి మొహమాటపడి ముందుకెళ్ళిపోయాడు.

తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన మామగారు, అత్తగారు, శ్రీను భీమడోలులో మాతో కలిశారు. పెళ్ళికూతురి తండ్రి వెంకట్రావుగారు ధాన్యం వ్యాపారి. వాకిట్లో ఎదురొచ్చి నమస్కారం చేశారు. ఆయన చేతులు దించారు, నేను దించలేదు. కుర్చీ చూపించారు, చేతులు జోడించే కూర్చున్నాను. కాఫీ ఇస్తే రెండు చేతులతో తీర్థంలా అందుకున్నాను. హాల్లో ఫ్యాను గది మధ్యకి ఒక అడుగు ఎడంగా బిగించి ఉంది. ఆ మాట అనడానికి నా నాలుక ఎంత పీకిందో చెప్పలేను. కానీ మాట్లాడాలంటే ఊపిరి పీల్చాలి, పీలిస్తే చంకలో కుట్టు కూస్తోంది. నోరు మూసుకుని కూర్చున్నాను. నా జీవితంలో అదే మొదటిసారి.

లోపల ఆడవాళ్ళ మాటలయ్యాయి. పిల్లా పిల్లాడూ ఒకరికొకరు నచ్చారని తేలింది. అప్పుడు వెంకట్రావుగారు మామగారి వైపు తిరిగారు.

"నిజం చెప్పాలంటే మీ అల్లుడుగారి గురించి ఏదో విని కొంచెం భయపడ్డానండీ. అంత చదువుకుని, ఇందాకట్నుంచీ ఆ జోడించిన చేతులు దించలేదు. ఇలాంటి మనుషులున్న ఇంటికి మా అమ్మాయినివ్వడం మా అదృష్టమండీ" అన్నారు.

మా అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకున్నారు. సుభద్ర నవ్వాపుకోలేక గోడ మీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టింది. వెంకట్రావుగారు ఆ సంతోషంలో లేచొచ్చి నన్ను గట్టిగా కౌగిలించుకున్నారు.

పర్రుమంది.

కుడి చెయ్యి పూర్తిగా ఊడొచ్చింది. ఎడమది రెండు దారాల మీద వేలాడుతోంది.

"ఆయన సొంతంగా కుట్టుకున్నదండీ. కొనడం కంటే చవకని" అంది సుభద్ర, అద్దె గది చూపించే మనిషంత ప్రశాంతంగా.

వెంకట్రావుగారు ఒక్క క్షణం ఆలోచించి, పెద్ద ఉద్యోగంలో ఉండి కూడా తన బట్ట తనే కుట్టుకునే మనిషిని మొదటిసారి చూస్తున్నానంటూ మళ్ళీ కౌగిలించుకున్నారు. ఎడమ చెయ్యి కూడా వచ్చేసింది. తాంబూలాలు అక్కడికక్కడే మాట్లాడుకున్నారు. మిషను, కత్తెర, సూదులు, బొటనవేలికి ఇంజెక్షను కలిపితే మామగారి కొట్లో నాలుగు లాల్చీలు వచ్చేవి. అయినా నన్ను గంటన్నర మాట్లాడనివ్వని లాల్చీ ఆ కొట్లో ఏ ధరకీ దొరకదని మామగారే అన్నారు.

పెళ్ళిలో మగపెళ్ళివారి మగవాళ్ళందరికీ చక్కటి రెడీమేడ్ లాల్చీలు పెట్టారు. నాకు మాత్రం పళ్ళెంలో అయిదు మీటర్ల తెల్లగుడ్డ, రెండు దారపు ఉండలు పెట్టి, "మీకు కొన్నవి ఇస్తే ఏం బాగుంటుంది మాష్టారూ" అన్నారు వెంకట్రావుగారు.

ఆ పళ్ళెం చేతుల్లో ఉండగానే, నూతన దంపతుల సాక్షిగా, మనసులో శపథం చేశాను. ఈ జన్మలో మళ్ళీ మిషను ముందు కూర్చోను. ఒకవేళ కూర్చోవలసి వస్తే, లుంగీ దాటి ఏదీ కుట్టను.