సారు కారులో చెప్పిన రిలీజ్

మొన్న పొద్దున మా మనవరాలు నోట్లో బ్రష్షు పెట్టుకునే, "శుక్రవారం రిలీజ్ ఉంది నానమ్మా, నన్ను కదిలించకు" అంది. సాఫ్ట్‌వేర్ పిల్ల. తిన్నదా, పడుకున్నదా అని దాని ముఖం పరీక్షగా చూశాను. ఆ రిలీజ్ అనే మాటను నేను నమ్మను.

హైటెక్ సిటీ కొత్తగా లేస్తున్న రోజులవి. మాది ఫిల్మ్ నగర్ బస్తీ. మా ఆయన స్టూడియోలో లైట్లు మోసేవాడు. ఆయన పోయాక జూబ్లీహిల్స్‌లో ఒకరింట వంటకు కుదిరాను. ఆ సారు కంప్యూటర్ కంపెనీకి పెద్ద. ఎంత పెద్దో తెలియదు గానీ, ఆయన వస్తే ఇంటి కుక్క కూడా లేచి నిలబడేది. అలాంటి మనిషి ఉన్నట్టుండి అన్నం ముందు కూర్చుని, కెలికి, లేచిపోవడం మొదలుపెట్టాడు. సాయంత్రం కారు ఇంటికి వచ్చేది, మనిషి దిగేవాడు కాదు. అద్దాలు ఎక్కించుకుని లోపలే కూర్చునేవాడు. సారు భార్యను అమ్మా అని పిలిచేదాన్ని; ఆమె అడిగితే "ఏం లేదు" అనేవాడు. ఏమీ లేనివాడు అన్నిసార్లు ఎందుకు చెబుతాడు? ఎవరైనా ఆడమనిషి వ్యవహారమేమో అనుకున్నాను. ఉతకబోయే చొక్కా వాసన చూశాను. చెమట తప్ప ఏమీ లేదు.

ఒక సాయంత్రం చెట్లకు నీళ్లు పెడుతుంటే కారు అద్దం కాస్త దిగి ఉంది. "అమెరికాలో ముందు రిలీజ్. శుక్రవారం దాటితే నన్ను బతకనివ్వరు" అంటున్నాడు ఫోన్లో. ఇంకేముంది, అమ్మకు తెలియకుండా సినిమా తీస్తున్నాడు! ఫిల్మ్ నగర్ దాన్ని, నాకు రిలీజ్ అంటే ఇంకో అర్థం ఉంటుందా? మా ఆయన పనిచేసిన నిర్మాత ఒకాయన ఇలాగే అన్నం మానేసి, ఇలాగే కారులో కూర్చునేవాడు. శుక్రవారం సినిమా వచ్చింది, ఆదివారానికి ఆయన గుండె ఆగింది. పైపు పడేసి వంటింట్లోకి పరుగెత్తాను.

"అమ్మా, సారు సినిమా తీస్తుండు."

"ఎవరు చెప్పారక్కా?"

"ఒకలు చెప్పాల్నా? కార్ల కూసొని రిలీజ్ రిలీజ్ అంటుండు. నిర్మాతలు గట్లనే కూసుంటరు. పానం మీదికొస్తది, జర దవాఖానల చూపియ్యి."

అమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లి కారు తలుపు లాగింది. "హీరోయిన్ ఎవరండీ?"

సారు తెల్లమొహం వేశాడు. సంగతి అర్థమయ్యాక, "పిచ్చిదానా, కంప్యూటర్ ప్రోగ్రాం రిలీజే!" అని పగలబడి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే చెయ్యి గుండె మీదికి పోయింది. నవ్వు అక్కడే ఆగింది. "కొన్నాళ్లుగా ఇక్కడ పట్టేస్తోంది. చెబితే నా కిందవాళ్లు బెదిరిపోతారని..." అన్నాడు.

అమ్మ ఆయన్ను పక్క సీట్లోకి జరగమని, తానే కారు తోలుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది. గుండెకు వెళ్లే నరం మూసుకుపోతోందట, ఇంకా ఆలస్యమైతే దక్కేవాడు కాదట.

శుక్రవారం నేను గంజి తీసుకుని ఆసుపత్రికి వెళ్లేసరికి సారు ఫోను పక్కన పెట్టుకుని పైకప్పు చూస్తున్నాడు. "అయిపోయిందట. నేను లేకుండానే" అన్నాడు. సంతోషపడ్డాడో, నొచ్చుకున్నాడో తెలియలేదు. నొచ్చుకున్నాడనే నా అనుమానం. తాను మోస్తే తప్ప కదలదనుకున్న కాలం, తాను పడుకుని ఉండగానే గడిచిపోతుంటే ఏ పెద్దమనిషికైనా అలాగే ఉంటుందేమో.