కప్పు మీద ఎవరో పలకలు కొట్టి చూసినారు

మా అమ్మ మీద ఒట్టు... నిజంగా జరిగింది. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి, తర్వాత నవ్వు రాదు!

మాది మార్కాపురం కదా, పలకరాయి పని. సముద్రం ఒడ్డున పాత లైఫ్‌గార్డ్ స్టేషన్ ఒకటి ఎప్పుడో మూతబడింది. దాని కప్పు చూసి చెప్పమని అక్కడి ఊరోళ్లు మా వీధి మస్తాన్ మామను, నన్ను పిలిపించినారు. కప్పు పాడైందని తేలితే తెల్లారి పొక్లెయిన్ పెట్టి కూల్చేస్తారు.

అబ్బ, ఏం కట్టడం అది! మేడ మీద గుండ్రటి గది, నడుమ ఒక్క స్తంభం లేదు. కిటికీలన్నీ కూర్చున్న మనిషి కళ్ల ఎత్తున... స్టూలేసుకుని కూర్చుంటే సముద్రంలో ఎవరు మునుగుతున్నా కనబడాల్సిందే. కప్పంతా మా మార్కాపురం పలకలే, చేప పొలుసుల్లాగా ఒకదాని మీద ఒకటి! మా రాయి అంత దూరం పోయి ఉప్పుగాలికి నిలబడిందని నాకు గుండె పొంగింది. దీన్ని కూల్చనివ్వకూడదు అనుకున్నా.

చీకటి పడింది. "పొద్దున ఎక్కి చూద్దాంలే" అని మామ బండేసుకుని అన్నం పార్సిల్‌కి పోయినాడు. పైగదిలో నేనొక్కణ్ణే.

టంగ్...

కప్పు మీద. చిన్న సుత్తి చప్పుడు.

టంగ్... టంగ్...

మేమూ పలకను అట్లనే కొట్టి చూస్తాం. బాగుంటే మోగుతుంది, లోపల చీలితే మొద్దుగా పలుకుతుంది. అనుమానం వచ్చినదాన్నే రెండోసారి కొడతాం.

"మామా! ఈ చీకట్లో ఎందుకెక్కినావు? దిగు!"

ఆగింది... ఊపిరి బిగబట్టినా... మళ్లీ మొదలు. వరసగా, నిదానంగా, నా నెత్తి మీదుగా సముద్రం వైపు పోతా ఉంది. టంగ్... టంగ్...

దబ్.

కాసేపు ఏమీ లేదు. అలల చప్పుడు కూడా నా చెవికెక్కలేదు.

అదే చోట, మళ్లీ... దబ్.

అప్పుడే కింద బండి ఆగింది.

"ఏందిరా అల్లుడూ, ఎవరితో మాట్లాడతాండావు?"

మామ! చేతిలో పార్సిల్! ఒక్క పరుగున దిగినా. కప్పెక్కడానికి తెచ్చిన మా నిచ్చెన ఇసకలో పడుకోబెట్టింది పడుకోబెట్టినట్టే ఉంది. ఆయనకేమీ చెప్పలేదు. ఆ రాత్రి కునుకు పడితే ఒట్టు.

పొద్దున మామ పైకెక్కి ఒక్కో పలకా కొట్టినాడు. టంగ్, టంగ్, టంగ్... సముద్రం వైపు అంచుకు పోయినాడు. దబ్. ఆగి, మళ్లీ కొట్టినాడు. దబ్!

"ఇదొక్కటే చీలిందిరా! మిగతాదంతా గట్టిగుంది, ఇంకో తరం నిలబడుతుంది!"

నేను ఇసకలోనే గంతులేసినా! పొక్లెయిన్ వెనక్కి పోయింది. ఆ ఒక్క పలక మార్చి వచ్చినాం.

దారిలో చెప్పినా మామకు. "గాలి అయ్యుంటుందిలే" అన్నాడు.

అయ్యుండొచ్చు... కానీ అనుమానం వస్తే రెండోసారి కొట్టి చూడాలని గాలికి ఎవరు నేర్పినారు?