ఎర్ర జెండాకి ఆగే ఎలుకలు: కిరండూల్‌లో ఒక క్రిస్మస్ బ్యాలే

ముందుగా రెండు చేతులూ జోడించి క్షమాపణ కోరుకుంటున్నాను. కిరండూల్ రైల్వే కాలనీ క్రిస్మస్ కమిటీ సెక్రటరీగారికి, రాయపూర్ నుంచి దయచేసిన డాన్స్ మాస్టరుగారికి, ఆయన వెంట తెచ్చిన పొగ యంత్రానికి, ఉన్నతమైన కళ యావత్తుకూ ఇదే నా విన్నపం. ఈ వ్యాసం చదివి మీ మనసు నొచ్చుకుంటే చింతిస్తాను. నొచ్చుకోకపోతే మరీ ఎక్కువ చింతిస్తాను. నొచ్చుకోవాలనే కదా ఇంత కష్టపడి రాస్తున్నది.

ఈ ప్రయాణం ఒక ఫోనుతో మొదలైంది. మా అమ్మ చెల్లెలు సుగుణ పిన్ని కిరండూల్ రైల్వే కాలనీలో ఉంటుంది. బాబాయి ఇనుపరాయి మోసే గూడ్సులకి గార్డు. నేను థియేటర్ ఆర్ట్స్‌లో ఎమ్మే చేశాననీ, ఉద్యోగం మాత్రం లేదనీ కాలనీ అంతటికీ తెలుసు. కాబట్టి క్రిస్మస్ ముందు రోజు రాత్రి రష్యా బ్యాలే చరిత్ర మీద ఐదు నిమిషాలు మాట్లాడమని కమిటీవారి ఆహ్వానం. బొమ్మ సిపాయి ప్రాణం పోసుకుని ఎలుకలతో యుద్ధం చేస్తాడే, ఆ బ్యాలే. ఏటేటా దాన్ని కాలనీ పిల్లలు ఆడతారని నాకు తెలుసు. ఈసారి రాయపూర్ ట్రూపు వస్తోందట. మరి పిల్లలో అని అడిగాను.

“తీసేసేరు. కింద కూకుని సూడమన్నారు,” అంది పిన్ని.

అప్పుడు వచ్చిన కోపం ఇంకా దిగలేదు. టికెట్టు కోపంతోనే బుక్ చేశాను.

విశాఖపట్నంలో రాత్రి బండి ఎక్కితే మర్నాడు పొద్దున పది దాటాక కిరండూల్ చేరాలి. స్లీపరు నాలుగు వందల లోపే. అరకు లోయ, సొరంగాలు చూడాలనుకునేవాళ్ళు పగటి బండి ఎక్కండి. రాత్రి బండిలో సొరంగమూ, బయటి చీకటీ ఒకేలా ఉంటాయి. ఒక్కోసారి భద్రతా కారణాలు చెప్పి బండిని దంతెవాడలోనే ఆపేస్తారు. నేను వెళ్ళిన రోజు సరిగ్గా అలాగే ఆపేశారు. అక్కడినుంచి షేర్ జీపు, మనిషికి వంద. డ్రైవరు సరిహద్దు పక్క గొల్లపల్లి తెలుగువాడు. నా బ్యాగు మీద తెలుగు అక్షరాలు చూసి ముందు సీటు ఇచ్చాడు. పండక్కి వచ్చినవా, పని మీద వచ్చినవా అని అడిగాడు. డాన్సు గురించి మాట్లాడటానికి వచ్చానన్నాను.

“డాన్సు చూస్తరు గానీ, మాట్లాడేది ఏందన్నా?”

బచేలీ దాటేదాకా ఆలోచించాను. రోడ్డు పక్క ఆకుల మీద ఎర్ర దుమ్ము, దూరంగా బైలాడీల కొండలు, వెనక సీట్లో ఎవరిదో కోడి. నా రెండేళ్ళ ఎమ్మేని ఒక్క వాక్యంతో కొట్టేసి, అతను తాపీగా గేరు మార్చాడు.

మధ్యాహ్నం భోజనమయ్యాక పిన్ని నన్ను మార్తమ్మ టీచరు ఇంటికి తీసుకెళ్ళింది. కాలనీ బ్యాలేని పుట్టించింది ఆవిడే. ఇప్పుడు చూపు బాగా తగ్గింది. చాలా ఏళ్ళ కిందట ఒక క్రిస్మస్ సాయంత్రం టీవీలో ఆవిడ ఆ రష్యా బ్యాలే చూసింది. బొమ్మ సిపాయి లేచాడు, ఎలుకలు వచ్చాయి, కరెంటు పోయింది. కరెంటు వచ్చేసరికి తెర మీద వరి తెగుళ్ళ కార్యక్రమం నడుస్తోంది. మిగతా కథ కాలనీలో ఒక్కరికీ తెలియదు. అందుకని ఆవిడే కట్టుకుంది. ఎలుకలు రేషను బియ్యం తినడానికి వస్తాయి. బ్యాలే అడుగులు ఎవరికీ రావు గనక, విజయనగరం పక్కనుంచి వచ్చిన తండ్రులు తమకొచ్చిన తప్పెటగుళ్ళు నేర్పారు. పిల్లలు ఎలుక తోకలు కట్టుకుని, గుండె మీద రేకు పళ్ళాలు వాయించుకుంటూ ఎగురుతారు. సిపాయికి కత్తి ఉండదు. గార్డు జెండాలు ఉంటాయి. ఎర్ర జెండా చూపిస్తే ఎన్ని ఎలుకలున్నా ఆగిపోవాల్సిందే. రైల్వే పిల్లలు మరి, సిగ్నల్ దాటరు.

అసలు పద్ధతి వేరే ఉంది. ఆ రాత్రి ఎవరి నాన్న లైను మీద ఉంటే వాళ్ళ బిడ్డే సిపాయి. ఎవరికి డ్యూటీ పడుతుందో ఆ రోజుదాకా తెలియదు కాబట్టి, పిల్లలందరూ అన్ని వేషాలూ నేర్చుకుని ఉంటారు. ఆట జరిగే హాలు పట్టాల పక్కనే ఉంది. గూడ్సు వెనకనుంచి పోయేటప్పుడు తండ్రి పొడుగ్గా హారన్ కొడతాడు. సిపాయి స్టేజీ వెనక తలుపు తీసి పచ్చ జెండా ఊపుతుంది. ఆట అక్కడితో అయిపోతుంది.

ఈ పద్ధతి ఎందుకు పెట్టారని అడిగాను.

“పండగపూట నాన్న లేని పిల్ల ఏ మూలో కూకుని ఏడుస్తాది గదా బాబూ,” అంది టీచరమ్మ. “అందుకే దాన్నే నడిమద్దిని నిలబెట్టేను.”

ఈ ఏడు ఆ పిల్ల కెజియా, నాలుగో తరగతి. వాళ్ళ నాన్న అసిస్టెంటు లోకోపైలట్. సాయంత్రం బండికి పొద్దున్నే పిలుపొచ్చింది. స్టేజీ నుంచి పిల్లల్ని తీసేశారని ఆయనకి చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది. హారన్ కొడతాను, చూసుకో అని కూతురికి చెప్పి ఆయన డ్యూటీకి వెళ్ళిపోయాడు. నేను వెళ్ళేసరికి కెజియా జెండాలు రెండూ చుట్టి చంకలో పెట్టుకుని టీచరమ్మ ఇంటి మెట్ల మీద కూర్చుని ఉంది. నేను పక్కనుంచి ఎక్కబోతే కాళ్ళు ముడుచుకుంది. నేనూ ఏమీ అడగకుండా లోపలికి పోయాను. అంతవరకే నాకు తెలివుంది.

అక్కడినుంచి తిన్నగా హాలుకి వెళ్ళాను. రిహార్సల్ జరుగుతోంది. వెనక తలుపుకి అడ్డంగా పొగ యంత్రం పెట్టారు. పిల్లలకి పది నిమిషాలు ఇవ్వమని సెక్రటరీగారిని అడిగాను. మాస్టరుగారు నావైపు చూడకుండానే “బచ్చే లోగ్ నీచే బైఠేంగే” అన్నారు, పిల్లలు కిందే కూర్చుంటారని. సెక్రటరీగారు నాకు జ్ఞానోదయం కలిగించారు.

“ఒరిజినల్లో ఇంతమంది పిల్లలుండరు బాబూ. ఈసారైనా పద్ధతిగా చేద్దాం.”

అసలు ఒరిజినల్ సంగతి చెప్పడానికే కదా నన్ను పిలిచింది? జర్మనీలో ఒకాయన కథ రాశాడు. ఫ్రాన్సులో ఇంకొకాయన దానికి పంచదార కలిపి తిరగరాశాడు. ఆ పంచదార కథని పట్టుకుని రష్యావాళ్ళు బ్యాలే కట్టారు. మొదటిసారి ఆడినప్పుడు స్టేజీ నిండా పిల్లలేనని అక్కడి విమర్శకులు సణిగారు. చాలా ఏళ్ళ తర్వాత అమెరికాలో అది ఊరూరా క్రిస్మస్ అలవాటైంది, పిల్లలతో సహా. ఇన్ని దేశాలు ఎవరికి తోచినట్టు వాళ్ళు మార్చుకున్న కథని కిరండూల్ మార్చుకుంటే మాత్రం తప్పయిపోయింది. ఇదంతా ఆయన మొహం మీదే అనాలనుకున్నాను. ఆయన టీ ఇప్పించారు. తాగాను.

సాయంత్రం ఏడింటికి సభ. సౌండు పెట్టె పక్కన కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టారు. నా ఉపన్యాసం పూర్తిగా చెప్పాను. పిల్లలెక్కువయ్యారని సణిగిన విమర్శకుల దగ్గర గొంతు పెంచాను, సెక్రటరీగారి కళ్ళలోకి చూశాను. ఆయన అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు. మన కోపం ఎదుటివాడికి అందకపోవడం కంటే అవమానం ఇంకోటి లేదు.

తర్వాత రాయపూర్ ట్రూపు మెరిసే బట్టల్లో వచ్చి నిలబడింది. పొగ వచ్చింది. సంగీతం రాలేదు. పాటలున్న పెన్ డ్రైవ్ కనిపించడం లేదని సౌండు కుర్రాడు చెప్పాడు. టేబుల్ కింద వెతికారు, కింద పరిచిన దరీలు ఎత్తి చూశారు. ఫోన్లో దింపుకుందామంటే నెట్‌వర్కు గుండ్రంగా తిరుగుతోంది. మాస్టరుగారు కుర్రాణ్ణి హిందీలో తిడుతున్నారు. ఇంతలో బాబాయి యార్డు నుంచి ఫోను చేశాడు, కెజియా వాళ్ళ నాన్న బండి ఇంకో పావుగంటలో కదులుతుందని. పిన్ని ఆ మాట పైకే అంది. హాలంతా విన్నది.

ముందు వరసలో మార్తమ్మ టీచరు తల తిప్పి, “ఏటర్రా, ఆగిపోనారేటి?” అని సంచిలోంచి గార్డు విజిలు తీసి ఊదింది.

దరీల మీదనుంచి పిల్లలు లేచారు. తోకలు లేవు, వేషాలు లేవు. పళ్ళాలు మాత్రం ఎవరింట్లోంచి వచ్చాయో వచ్చేశాయి. సెక్రటరీగారు ఆపమని చెయ్యెత్తారు గానీ, పిల్లలకి ఎర్ర జెండా తప్ప ఇంకేదీ ఆపడమని తెలియదు. రేకుల మోతకి పొగ యంత్రం కూడా భయపడి ఆగిందనుకున్నాను. పిన్ని దాన్ని పక్కకి ఈడ్చేసిందట. రాయపూర్ అమ్మాయి ఒకతె నవ్వుకుంటూ ఎలుకల్లో కలిసిపోయింది. కెజియా ఎర్ర జెండా ఎత్తింది. అన్నీ ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో యార్డు వైపునుంచి పొడుగ్గా హారన్ వినిపించింది. కెజియా వెనక తలుపు తోసి నిలబడి పచ్చ జెండా ఊపింది. ఇంజను దీపం పిల్ల మీదుగా, తర్వాత మా అందరి మీదుగా పోయింది. రెండోసారి హారన్ పొట్టిగా వచ్చింది. చూశాడని అర్థమట.

ఇంత జరిగాక కూడా వందన సమర్పణలో సెక్రటరీగారు, సాంకేతిక లోపం వల్ల స్థానిక బాలలు ‘అడ్జస్ట్’ చేశారని సెలవిచ్చారు. అందుకే నా కోపం తగ్గలేదు. ఒక ఆట ఎక్కడ పుట్టిందని అడగడం మంచిదే, నేను చదువుకున్నదీ అదే. కానీ ఆ రష్యా ఆట ఎవరి కోసం పుట్టిందో చెప్పడానికి నేను పుస్తకాలు తిరగేయాలి. ఈ ఆట ఎవరి కోసం పుట్టిందో మెట్ల మీద జెండాలు పట్టుకుని కూర్చుని కనిపించింది. ఆ పిల్లని కింద కూర్చోబెట్టి పద్ధతి అన్నారు. తిరుగు ప్రయాణంలో దంతెవాడ దాకా మళ్ళీ అదే జీపు దొరికింది. “మాట్లాడినవా అన్నా?” అని డ్రైవరు అడిగాడు. చూశానని చెప్పాను.

ఈ ప్రయాణం చేయాలనుకునేవారికి రెండు మూడు సలహాలు. క్రిస్మస్‌కి కిరండూల్ వెళ్తే స్వెట్టరు పెట్టుకోండి, ముందు రోజే చేరుకోండి, అవసరమైన పాటలేమైనా ఉంటే ఒక కాపీ ఫోన్లో కూడా ఉంచుకోండి. పెన్ డ్రైవ్‌ని నమ్ముకోకండి. సౌండు కుర్రాడు టీకి వెళ్ళినప్పుడు దాని పక్క కుర్చీలో ఎవరు కూర్చుంటారో చెప్పలేం. ఆ రాత్రి ఉపన్యాసాలు, గొంతు పెంచడాలు, కళ్ళలోకి చూడటాలు అన్నీ దండగే అయ్యాయి. నేను నిజంగా చేసిన పని ఒక్కటే, అది ఇప్పుడు నా చొక్కా జేబులో ఉంది. మాస్టరుగారి అడ్రసు చెప్తే పోస్టులో పంపిస్తాను.